రాచకొండ కోటలో ఒక పూట

2016లో పోలీసు కమిషనరేట్‌కు రాచకొండ పేరు పెట్టాక హైదరాబాద్‌లో ఆ మాట విననివాళ్లు లేరు. కోటను చూసినవాళ్లు మాత్రం మా అపార్ట్‌మెంట్‌లో ఒక్కరూ దొరకలేదు. కిందటి ఆదివారం అన్నయ్య, వదిన, నేను ఎల్బీనగర్ నుంచి పొద్దున ఆరింటికే బయల్దేరాం.

విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాకా పోయి, కుడికి తిరిగి సంస్థాన్ నారాయణపురం మీదుగా వెళ్లాం. దారిలో ఓ హోటల్లో తిన్న ఇడ్లీ చల్లారిపోయింది, చట్నీ పులిసింది. ఇంటి నుంచి పులిహోర కట్టుకుపోండి. నీళ్లు కూడా మనిషికి రెండు లీటర్లు ఉండాల్సిందే. కోట దగ్గర మాకు ఒక్క కొట్టూ కనబడలేదు.

14వ శతాబ్దంలో ఇది రేచర్ల పద్మనాయకుల రాజధాని. సంస్కృతంలో అలంకారశాస్త్రం రాసిన సర్వజ్ఞ సింగభూపాలుడు ఏలింది ఇక్కడి నుంచే. ద్వారం దగ్గరే అరగంట ఆగిపోయాం. నిలువెత్తు రాతి కంబాలు, వాటి మీద అడ్డంగా రాతి దూలం. గోడలో రాయికీ రాయికీ మధ్య సున్నం లేదు. ఒకచోట సందులో గోరు పెట్టి చూశాను, దూరలేదు. ఇన్ని వందల ఏళ్లుగా రాళ్ల బరువే గోడను నిలబెట్టింది.

నాలుగడుగులు లోపలికి వేస్తే మోకాలి లోతు గుంట. అంచున ఎండిన నిమ్మకాయలు, పసుపు. గుప్తనిధుల కోసం తవ్వారు. మేకలు కాసే పెద్దాయన, ‘‘రాత్రిళ్లొస్తరు బిడ్డా, తెల్లారేసరికి తవ్వి పోతరు. మీరు పొద్దు గూకకముందే దిగున్రి’’ అన్నాడు. పునాది కింద మన్ను తీసేస్తే సున్నం లేని గోడ ఎన్నాళ్లు నిలుస్తుంది? ఇక్కడ రాత్రిపూట ఇద్దరు కాపలావాళ్లు ఉండి తీరాలి.

పెద్దవాళ్లు, చిన్నపిల్లలు వెంట ఉంటే భువనగిరే నయం. చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి కాలం నాటి కోట, 500 అడుగులకు పైబడిన ఏకశిల మీద ఉంది. మెట్లున్నాయి, ఊళ్లో రైల్వే స్టేషన్ ఉంది, రాత్రి ఉండాలంటే దగ్గర్లోని యాదగిరిగుట్టలో గదులు దొరుకుతాయి. ఎండ ముదరకముందే ఎక్కేయాలి, బండ సెగ భరించలేం. ఓపిక, తోడు ఉన్నవాళ్లకు మాత్రం ముందు రాచకొండే చెబుతాను.

దిగేముందు వదిన కాళ్లతో మట్టిని గుంటలోకి నెట్టింది. అన్నయ్య, నేను పక్కన పడున్న రాళ్లు తెచ్చి వేశాం. గుంట సగం కూడా పూడలేదు.