కౌన్సెలర్ ప్రేమకథలు రాస్తే: సొంత పేరా, కలం పేరా?

నేను ప్రేమ నవలలు రాస్తానని తెలిసిన తోటి కౌన్సెలర్లు అందరూ చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తారు. నేనూ మొదటి నవల అచ్చుకు వెళ్లేముందు దీని గురించి చాలా రోజులు మథనపడ్డాను.

సొంత పేరుతో రాస్తే దాపరికం ఉండదు. పాఠకులను కలవొచ్చు, పుస్తకం గురించి నోరారా మాట్లాడొచ్చు. సైకియాట్రిస్టు అర్విన్ యాలోమ్ నవలలన్నీ సొంత పేరుతోనే వేశారు. అయితే అవి ఎక్కువగా తత్వవేత్తల చుట్టూ, థెరపీ చుట్టూ తిరిగే కథలు. ప్రేమకథ సంగతి వేరు.

నా దృష్టిలో ఇక్కడ తేల్చాల్సింది క్లయింటు వైపు నుంచి. మొదటి అపాయింట్‌మెంటుకు ముందే కౌన్సెలర్ పేరు నెట్‌లో వెతికేవాళ్లు చాలామంది. విడాకుల బాధలో ఉన్న మనిషికి నా నవలలోని ముద్దు సన్నివేశం ముందు కనపడిందనుకోండి. మర్నాడు నా ఎదుట కూర్చుని భర్త గురించి చెప్తూ, 'ఇది కూడా కథలోకి ఎక్కుతుందేమో' అని ఒక్క మాట మింగేసినా నష్టపోయేది ఆమే. ఇంకో చిక్కు కూడా ఉంది. థెరపిస్టు మీద క్లయింటుకు ప్రేమ పుట్టడం గురించి మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1915లోనే రాశాడు. ఆ స్థితిలో ఉన్నవాళ్లకు నా ప్రేమకథ తమకోసమే రాసినట్టు అనిపించవచ్చు. అమెరికన్ కౌన్సెలింగ్ అసోసియేషన్ 2014 నియమావళి, క్లయింటుతో వృత్తి సంబంధం ముగిశాక కూడా 5 ఏళ్లు ప్రేమ సంబంధం కూడదంటుంది. అంత సున్నితమైన చోట నా నవలను నేనే తీసుకెళ్లి పెట్టలేను.

అందుకే కలం పేరు ఎంచుకున్నాను. వేరే మెయిల్, వేరే ఖాతా, ఫొటో లేని పరిచయం. ప్రచారం కష్టమవుతుంది, నిజమే. గుట్టు ఎప్పటికీ దాగుతుందన్న హామీ కూడా లేదు. ఎవరైనా సూటిగా అడిగితే అబద్ధం చెప్పను. 'అవును, రాస్తాను. అది తెలిశాక మీకేమనిపించింది?' అని అడిగి, ఆ సెషన్‌లో దాని గురించే మాట్లాడుకుంటాం.

కానీ కలం పేరు దాచేది నన్ను మాత్రమే. క్లయింటును దాచదు. ఫ్రాయిడ్ 1905లో 'డోరా' అని పేరు మార్చి రాసిన తన పేషెంటు, ఐడా బవర్ అనే అమ్మాయి అని తర్వాత లోకమంతటికీ తెలిసింది. లోకానికి తెలియకపోయినా, తన కథను తను గుర్తుపట్టదా? అందుకే ప్రతి అధ్యాయం పూర్తయ్యాక నన్ను నేను అడుగుతాను: నా దగ్గరికి వచ్చినవాళ్లలో ఎవరైనా ఇది చదివి ఉలిక్కిపడతారా? ఒకసారి ఒక సన్నివేశం బాగా కుదిరింది. రెండు రోజుల తర్వాత గుర్తొచ్చింది, అది నేను కల్పించింది కాదు, విన్నది. అధ్యాయం మొత్తం తీసేశాను. అదేమిటో ఇక్కడ కూడా చెప్పను.

ప్రాక్టీసు మానేసి రాసుకోవచ్చు, రిటైరయ్యేదాకా ఆగనూ వచ్చు. ఆ వీలున్నవాళ్లకు ఈ తర్జనభర్జనే అక్కర్లేదు.

నా రెండో నవల వచ్చే నెల వస్తోంది, కలం పేరుతోనే.