బెజవాడలో మూడు రోజులు, ఆరని తువాలు

అనంతపురం ఎండల్లో పెరిగిన మాకు, ఆగస్టులో 33 డిగ్రీలు చూపుతున్న విజయవాడ ఒక లెక్కలోకి రాలేదు. ఆ ధీమాతోనే స్టేషన్ దగ్గరి ఒక లాడ్జిలో ఏసీ గది కాదని కూలర్ గది తీసుకొని, దోమల భయంతో కిటికీలు కూడా మూసుకొని పడుకున్నాము. అర్ధరాత్రికి దుప్పటి చెమ్మగిల్లింది. కూలర్ తిరుగుతూనే ఉన్నా ఒంటి మీది చెమట మాత్రం ఆరలేదు.

తప్పు ఆ యంత్రానిది కాదు. కూలర్ గాలిని చల్లబరచాలంటే అందులోని నీరు ఆవిరి కావాలి, మన శరీరం చల్లబడాలన్నా చెమట ఆవిరి కావాలి. గాలిలో అప్పటికే తేమ నిండి ఉంటే ఈ రెండూ మందగిస్తాయి. 40 డిగ్రీల వేడిలో సాపేక్ష ఆర్ద్రత (ఆ వేడిలో గాలి పట్టగల ఆవిరిలో ఉన్నది ఎంత శాతమో చెప్పే కొలత) 20 శాతమైతే ఘనపు మీటరు గాలిలో ఉండే నీటి ఆవిరి సుమారు 10 గ్రాములే, 33 డిగ్రీల వద్ద 70 శాతమైతే అది దాదాపు 25 గ్రాములు. పైగా మూసిన గదిలో కూలర్ ఆ తేమను ఇంకా పెంచింది. కిటికీ తెరిచి ఉంచమని లాడ్జి కుర్రవాడు ముందే చెప్పాడు, వినలేదు.

మరునాడు బందరు రోడ్డులోని ఒక హోటల్లో ఏసీ గదికి మారాము. అద్దె ఎక్కువే అయినా ఇచ్చినందుకు చింతించలేదు. ఏసీలోని చల్లని గొట్టపు చుట్టలకు తగిలిన ఆవిరి నీరై గొట్టం గుండా బయటికి పోతుంది కనుక, 27 డిగ్రీలకు పెట్టి పంకా వేసుకున్నా హాయిగా నిద్ర పట్టింది.

ఉండవల్లి గుహల్లో, శయనించిన అనంతపద్మనాభుని దగ్గర, రాయి చేతికి చల్లగానే తగిలింది గాని చొక్కా ఆరలేదు. ఆవిరి అంతే ఉండి గాలి చల్లబడితే సాపేక్ష ఆర్ద్రత పెరుగుతుంది. భవానీ ద్వీపానికి మిట్టమధ్యాహ్నం వెళ్లడం మా తెలివితక్కువతనం. సాయంత్రం ప్రకాశం బ్యారేజీ మీద మాత్రం, కింద అంత నీరు ఉన్నా, ఆగకుండా వీచే గాలి ఒంటికి అంటుకున్న తడి గాలి పొరను తుడిచివేస్తుండటంతో గంటన్నర కదలబుద్ధి కాలేదు. మూడింటిలో నా ఓటు దానికే.

మళ్లీ వెళ్తే డిసెంబరులోనే వెళ్తాము. మొదటి రోజు ఉతికి లాడ్జి వరండాలో ఆరేసిన తువాలు తిరుగు రైలెక్కేనాటికీ ఆరలేదు. ప్లాస్టిక్ సంచిలో చుట్టి తెచ్చి, అనంతపురంలో మా మిద్దె మీద వేస్తే గంటలో గలగలమంది.