ఆటోమేటిక్ కారును టోయింగ్ బండికి అప్పగించే ముందు ఇది చదవండి

బెంగళూరులో ఆటోమేటిక్ కారు నడిపే మనవాళ్లందరికీ ఈ సంగతి చెప్పాలి. దారిలో కారు ఆగిపోతే ఎవరో ఒకరు వచ్చి తీసుకెళితే చాలనిపిస్తుంది. ఎలా తీసుకెళుతున్నారో కూడా చూడండి. నేను చూడలేదు.

పోయిన ఆదివారం రాత్రి చిత్తూరు నుంచి తిరిగి వస్తుంటే, బెంగళూరు పక్కనున్న హోస్కోట ఇంకా రాకముందే, ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ గొట్టం పగిలి ఇంజన్ ఆగింది. పక్క సీట్లో మామగారు, వెనుక నిద్రపోతున్న పాప. ఫోనులో వెతికి, మొదట కనిపించిన టోయింగ్ నంబరుకు ఫోన్ చేశాను. అవతలి మనిషి చక్కటి తెలుగులో, "అన్నా, మీరేమీ కంగారు పడకండి. ఫ్లాట్‌బెడ్ పంపిస్తాను, కారు మొత్తం దాని మీదకే ఎక్కిస్తారు. మారతహళ్లి వరకు మొత్తం మూడు వేలు" అన్నాడు. పరాయి ఊళ్లో, ఆ వేళప్పుడు మన భాష వినబడితే ఇక ప్రశ్నలు గుర్తుకొస్తాయా?

గంటన్నర తర్వాత వచ్చింది ఫ్లాట్‌బెడ్ కాదు. రెండు చక్రాలను మాత్రమే పైకెత్తి, మిగిలిన రెండింటినీ రోడ్డు మీద దొర్లించుకుంటూ పోయే చిన్న బండి. అడిగితే, "పెద్ద బండి వేరే పని మీద ఉంది, దీంతోనూ ఏమీ కాదు" అన్నారు. నా కారు రెయిలింగుకు ముక్కు ఆనించినట్లు ఆగి ఉంది. ముందు వైపుకు వచ్చే చోటు లేక వెనుక చక్రాలు ఎత్తారు. స్టీరింగు తిరగకుండా సీటు బెల్టుతో కట్టేశారు. ఆ జాగ్రత్త చూసి, పని తెలిసినవాళ్లే అనుకున్నాను!

నాది ముందు చక్రాలతో నడిచే కారు. అంటే గేర్‌బాక్సుకు కలిసి ఉన్న చక్రాలే 20 కిలోమీటర్లకు పైగా రోడ్డు మీద తిరుగుతూ వచ్చాయి. ఇంజన్ నడిస్తేనే లోపలి పంపు గేర్‌బాక్సుకు నూనె అందిస్తుందట. ఇంజన్ ఆగి చక్రాలు మాత్రం తిరుగుతుంటే లోపలి భాగాలు నూనె లేకుండా రాసుకుంటాయి. గేరు న్యూట్రల్‌లో ఉన్నా ఇంతే. ఇదంతా మర్నాడు మెకానిక్ చెబితే తెలిసింది. ఇలాంటి కారుకు ముందు చక్రాలు ఎత్తాలి, లేదా కారు మొత్తాన్ని ఫ్లాట్‌బెడ్ మీదకు ఇనుప తాడు చుట్టే వించ్‌తో లాగాలి. నాలుగు చక్రాలకూ శక్తి అందే కార్లకు, విద్యుత్ కార్లకు ఫ్లాట్‌బెడ్ అయితేనే మంచిదని కూడా అన్నాడు. విద్యుత్ కారులో చక్రం తిరిగితే మోటారు కరెంటు పుట్టించి, లోపలి భాగాలు పాడవచ్చట.

డబ్బు గొడవ వేరే. కె.ఆర్. పురం దగ్గర ఆపి, తెలిసిన గ్యారేజీ ఉంది, అక్కడే దింపుతామన్నారు. ఒప్పుకోలేదు. మారతహళ్లిలో మా ఇంటి ముందుకు వచ్చాక మూడు వేలు కాస్తా ఎనిమిదిన్నర వేలయింది: రాత్రి ఛార్జీ, వెయిటింగ్ ఛార్జీ, తిరుగు ప్రయాణం. గంటన్నర ఎదురుచూసింది నేను, వెయిటింగ్ ఛార్జీ వాళ్లకు! ఇచ్చేదాకా కారును కిందికి దించేది లేదన్నారు. పాప లేచి ఏడుస్తుంటే మామగారు "ఇచ్చేయండి బాబూ, తెల్లవార్లూ ఇక్కడే ఉంటామా" అన్నారు. ఏడు వేలకు తెగింది. రసీదు లేదు.

కాబట్టి బండి బయలుదేరక ముందే దాని ఫొటో, మొత్తం ధర, కారు దించే చోటు వాట్సాప్‌లో రాయించుకోండి. ఫ్లాట్‌బెడ్ అని చెప్పి మరొకటి పంపితే తిప్పి పంపండి, ఎంత ఆలస్యమైనా సరే. జాతీయ రహదారి మీద ఆగితే ముందు హైవే హెల్ప్‌లైన్ 1033కు ఫోన్ చేయండి. మీ ఇన్సూరెన్సు కాగితం కూడా ఒకసారి తీసి చూడండి. నా పాలసీలో దారిలో సాయానికి విడిగా డబ్బు కట్టి ఉన్నానని మా ఆవిడ మర్నాడు పొద్దున కాఫీ ఇస్తూ గుర్తు చేసింది.

కూలెంట్ గొట్టం మార్చడం చిన్న పనే, అయిపోయింది. ఇప్పుడు గేరు డ్రైవ్‌లో వేస్తే కారు ఒక్క క్షణం ఆగి, కుదుపుతో కదులుతోంది. గేర్‌బాక్సు విప్పితే గానీ ఖర్చెంతో చెప్పలేమన్నారు.