ఆసుస్ వింత లాప్‌టాప్‌లు: ఏది కొనాలి, ఏది వదిలేయాలి

ఆసుస్ గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. ఐడియా ఎంత నచ్చినా మొదటి మోడల్ జోలికి వెళ్లొద్దు. ఇంకో కంపెనీ అయితే లాబ్‌లోనే పక్కన పడేసే వాటిని ఈ తైవాన్ వాళ్లు నేరుగా షాపులో పెట్టేస్తారు, టెస్టింగ్ మాత్రం కొన్నవాళ్ల నెత్తిన పడుతుంది.

2012లో వచ్చిన పాడ్‌ఫోన్ సంగతే చూడండి. 4.3 అంగుళాల ఫోన్‌ని 10.1 అంగుళాల టాబ్లెట్ వెనక మూత తీసి లోపల పెడితే టాబ్లెట్‌కి ప్రాణం వస్తుంది, దానికి మళ్లీ కీబోర్డ్ తగిలిస్తే లాప్‌టాప్. ఫోన్ తీసేస్తే అది ఉత్త స్క్రీనూ బ్యాటరీనే. మరి ఫోన్ లోపల ఉండగా కాల్ వస్తే? స్టైలస్‌నే బ్లూటూత్ హెడ్‌సెట్‌గా చేశారు, పెన్ను చెవి దగ్గర పెట్టుకుని హలో అనాలన్నమాట! బుర్రకి దండం పెట్టాల్సిందే గానీ, జనం కొనలేదు.

ట్రాన్స్‌ఫార్మర్ ప్రైమ్ టాబ్లెట్‌కి మెటల్ బాడీ ఇస్తే అదే జీపీఎస్ సిగ్నల్‌కి అడ్డుపడింది. చివరికి స్పెసిఫికేషన్లలోంచి జీపీఎస్ పేరే తీసేసి, బయట తగిలించుకునే డాంగిల్ ఉచితంగా ఇచ్చారు.

కానీ ఇదే కంపెనీ 2007లో Eee పీసీ 701 అనే చిన్న లాప్‌టాప్ తెచ్చింది. 7 అంగుళాల స్క్రీన్, 4 జీబీ స్టోరేజ్, విండోస్ బదులు లినక్స్, బరువు కిలో లోపే, అమెరికాలో ధర 400 డాలర్ల లోపు. కాగితం మీద చూస్తే బొమ్మలా ఉంటుంది, అయినా ఎగబడి కొన్నారు. ఏసర్, హెచ్‌పీ, డెల్ అందరూ అదే దారి పట్టారు, మైక్రోసాఫ్ట్ కూడా ఆపేద్దామనుకున్న విండోస్ ఎక్స్‌పీని ఈ చిన్న మెషీన్ల కోసం 2010 దాకా ఇవ్వాల్సి వచ్చింది. ఆ ఏడాదే ఐప్యాడ్ వచ్చి నెట్‌బుక్‌ల (ఇలాంటి చిన్న, చవక లాప్‌టాప్‌ల) జోరు తగ్గించిందనుకోండి, అది వేరే విషయం.

ఇప్పుడు కొనదగ్గది రెండు స్క్రీన్ల లాప్‌టాప్ జెన్‌బుక్ డుయో. 2019లో వచ్చిన జెన్‌బుక్ ప్రో డుయోలో కీబోర్డ్ పైన అడ్డంగా రెండో స్క్రీన్ పెట్టారు. దాంతో కీబోర్డ్ ముందు అంచుకి, టచ్‌ప్యాడ్ కుడి మూలకి జరిగాయి (ఎడమచేతి వాటం వాళ్లు ఏమైపోవాలో మరి), మణికట్లు ఆనించుకోవడానికి విడిగా ఒక ముక్క ఇచ్చారు. బరువు 2.5 కిలోలు. 2024 డుయో మోడల్‌కి వచ్చేసరికి రెండూ 14 అంగుళాల ఓఎల్‌ఈడీ స్క్రీన్లే, కీబోర్డ్ ఊడొస్తుంది, వెనక స్టాండ్ ఉంది. కోడ్ ఒకదాంట్లో, రిజల్ట్ ఇంకోదాంట్లో పెట్టుకునేవాళ్లకి బాగా పనికొస్తుంది. రెండు స్క్రీన్లూ వాడాలంటే మాత్రం బల్ల ఉండాల్సిందే, ఒళ్లో పెట్టుకుని పనిచేసేవాళ్లకి ఆ డబ్బు దండగ.