అద్దె ఇంటికి 1 టన్ను పోర్టబుల్ ఏసీ: ఏ గదికి పనికొస్తుంది, ఏ గదికి పనికిరాదు

గోడకు చిల్లు పెట్టుకునే వీలున్న సొంతిల్లు అయితే పోర్టబుల్ ఏసీ కొనొద్దు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. బ్లూస్టార్, లాయిడ్, క్రూజ్ లాంటి కంపెనీల 1 టన్ను పోర్టబుల్ మోడళ్లకు సుమారు 30 వేల నుంచి 40 వేల రూపాయలు పెట్టాలి. అదే డబ్బుకు 1 టన్ను ఇన్వర్టర్ స్ప్లిట్ వస్తుంది. దాంతో చల్లదనం ఎక్కువ, చప్పుడు తక్కువ, కరెంటు ఖర్చు ఇంకా తక్కువ.

పోర్టబుల్ అక్కరకొచ్చేది వేరేవాళ్లకు. ఓనరు గోడ ముట్టుకోనివ్వని అద్దె ఇళ్లవాళ్లకు, ఏడాదికో రెండేళ్లకో ఇల్లు మారేవాళ్లకు, ఔట్‌డోర్ యూనిట్ పెట్టే చోటు లేని ఫ్లాట్లకు, ఆ రెండు నెలల ఎండలు గట్టెక్కితే చాలనుకునే పెద్దవాళ్ల గదికి, బాలింత గదికి. స్ప్లిట్‌ను విప్పి, మోసి, మళ్లీ బిగించి, గ్యాస్ నింపి, అదనపు కాపర్ పైపు కొంటే ఇల్లు మారిన ప్రతిసారీ నాలుగైదు వేలు కదులుతాయి. పోర్టబుల్‌కు ఆ బాధ లేదు.

ఇంకో హెచ్చరిక. ఆన్‌లైన్‌లో 2 వేలకు, 5 వేలకు 'మినీ పోర్టబుల్ ఏసీ' అని అమ్మేవి ఏసీలు కావు. నీళ్లో ఐసో వేయమంటే అది చిన్న కూలరు. లోపల కంప్రెసరు, వెనక వేడిగాలి బయటికి పోయే లావు గొట్టం, ఈ రెండూ ఉంటేనే అది ఏసీ. గదిలోంచి తీసిన వేడి ఎటో ఒకవైపు బయటికి పోవాలి కదా.

ఆ గొట్టంలోనే ఈ యంత్రం గుట్టంతా ఉంది. స్ప్లిట్‌లో గది గాలి గదిలోనే తిరుగుతుంది, ఔట్‌డోర్ యూనిట్ బయటి గాలితో తన వేడి వదిలించుకుంటుంది. ఒంటి గొట్టం పోర్టబుల్ అలా కాదు. కష్టపడి చల్లబరిచిన గది గాలిలోంచే కొంత లాక్కుని, కండెన్సర్ (వేడిని వదిలే భాగం) మీదుగా పంపి, కిటికీలోంచి బయటికి తోసేస్తుంది. అలా పోయేది గంటకు 300 ఘనపు మీటర్లు అనుకుందాం. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు, 10 అడుగుల ఎత్తు ఉన్న గదిలో పట్టే గాలి మొత్తం 34 ఘనపు మీటర్లే. అంటే గంటకు తొమ్మిదిసార్లు గది ఖాళీ అవుతోంది. పోయినంత గాలీ తలుపు కింది సందులోంచి, కిటికీ రెక్కల మధ్య నుంచి లోపలికి వచ్చి తీరుతుంది.

ఆ వచ్చే గాలి ఎక్కడిది అన్నదాన్ని బట్టే గది చల్లబడుతుందా లేదా అన్నది తేలుతుంది. బయట 42 డిగ్రీలు, గదిలో 27 ఉండాలని మన కోరిక. కొత్త గాలంతా ఎండ పడే బాల్కనీ వైపు నుంచి వస్తే, దాన్ని చల్లార్చడానికే సుమారు 1.4 కిలోవాట్లు కావాలి. 1 టన్ను ఏసీ గదిలోంచి తీయగలిగే వేడి 3.5 కిలోవాట్లు (ఇది కరెంటు వాడకం కాదు), ఇంకో కొలతలో గంటకు 12,000 బీటీయూ. అందులో నూటికి నలభై అక్కడే ఖర్చయిపోయింది. అదే గాలి 33 డిగ్రీలున్న హాలులోంచి వస్తే అర కిలోవాటు పైచిలుకుతో సరిపోతుంది. యంత్రం మారలేదు, గది మారలేదు. గాలి వచ్చే దారి మారిందంతే.

కాబట్టి తలుపు కింద గుడ్డలు కుక్కి గదిని బిగించేయాలనుకోవడం పొరపాటు. బయటి వైపున్న కిటికీ సందులు, బాల్కనీ తలుపు అంచులు ఫోమ్ టేపుతో మూయాలి. హాలు వైపు తలుపు కింద మాత్రం అర అంగుళం సందు వదలాలి. అన్నివైపులా మూస్తే ఫ్యాన్ గాలి లాగలేక కండెన్సర్ వేడెక్కుతుంది. సందులు కనిపెట్టడానికి అగరుబత్తి చాలు. ఏసీ నడుస్తుండగా వెలిగించి కిటికీ అంచుల వెంట మెల్లగా తిప్పండి. పొగ ఎక్కడ గదిలోకి వంగితే అక్కడ గాలి దూరుతోందని అర్థం.

కోస్తాలో లెక్క ఇంకా కఠినం. విజయవాడలో, కాకినాడలో, విశాఖలో ఎండకంటే ఉక్క దీని పని పడుతుంది. 35 డిగ్రీల వేడి, 60 శాతం తేమ ఉన్న గాలిలో కిలోకు 21 గ్రాముల నీరు ఉంటుంది. 27 డిగ్రీలు, 55 శాతం తేమ ఉన్న గదిలో 12 గ్రాములే. గంటకు 300 ఘనపు మీటర్ల చొప్పున అలాంటి గాలి లోపలికొస్తే, ఆ తేడాను తీయాలంటే గంటకు దాదాపు 3 లీటర్ల నీరు పిండాలి. ఆ పనికే 2 కిలోవాట్లు కావాలి. హాలులోనూ అదే ఉక్క కాబట్టి దారి మార్చినా ఇక్కడ పెద్దగా కలిసిరాదు. కోస్తాలో దీన్ని కొంటే 24 డిగ్రీల మీద ఆశ పెట్టుకోవద్దు. గది 28 దగ్గర నిలిచి, చెమట ఆరితే అది బాగా పనిచేసినట్టే. హైదరాబాద్, కరీంనగర్, కర్నూలు లాంటి పొడి ఊళ్లలో ఫలితం నయం. కానీ గదిలో కూలరు కూడా నడిపితే ఆ లాభమంతా పోతుంది, ఎందుకంటే కూలరు పోసే తేమను ఏసీ పిండుకుంటూ కూర్చోవాలి.

గది కొలత విషయంలో డబ్బా మీద రాసిన చదరపు అడుగులు నమ్మొద్దు. పైన ఇంకో అంతస్తు ఉన్న 100 నుంచి 120 చదరపు అడుగుల గది, అందులో ఇద్దరు మనుషులు, అంతవరకే దీని సత్తా. పై అంతస్తు, పడమటి గోడ, నెత్తిన కాలిన స్లాబు ఉంటే రాత్రి పదకొండు దాకా గది దారికి రాదు. రేకుల గదికైతే అసలు వద్దు.

షోరూములో పోర్టబుల్ మీద సాధారణంగా స్టార్ లేబుల్ కనబడదు. వెనక అతికించిన నేమ్‌ప్లేటు చదవండి. కూలింగ్ వాట్లను ఇన్‌పుట్ వాట్లతో భాగించండి. 3,500ను 1,250తో భాగిస్తే 2.8 వస్తుంది. ఇంతకన్నా తక్కువ వస్తే వదిలేయండి. ఈ అంకెలో సందుల్లోంచి వచ్చే వేడిగాలి లెక్క లేదని కూడా గుర్తుంచుకోవాలి.

అమెరికాలో ఉండే మనవాళ్లకు ఈ ఇబ్బంది తక్కువ. అక్కడ డబ్బా మీద రెండు బీటీయూ అంకెలు ఉంటాయి. పెద్దది పాత పద్ధతి లెక్క, ఎస్ఏసీసీ అని రాసిన చిన్నది ఆ దేశ ఇంధన శాఖ లెక్క. ఆ చిన్నదే చూడాలి. వింటర్ (Whynter) కంపెనీ రెండు గొట్టాల ఏఆర్‌సీ-14ఎస్ మోడల్‌కు పాత లెక్కలో 14,000, ఎస్ఏసీసీలో 9,500. మిడియా డ్యుయోకు 14,000, 12,000. డ్యుయోలో గొట్టంలోనే ఇంకో గొట్టం ఉంటుంది, కండెన్సర్‌కు కావాల్సిన గాలి బయటి నుంచే వస్తుంది, పైగా కంప్రెసరు ఇన్వర్టర్ రకం. రెండు గొట్టాల మోడళ్లు మన షోరూముల్లో కనబడటం అరుదు. దొరికితే నాలుగు వేలు ఎక్కువైనా అదే తీసుకోవచ్చు.

బిగింపులో తలనొప్పి అంతా కిటికీ దగ్గరే. డబ్బాలో వచ్చే కిట్టు పక్కకు జరిగే కిటికీల కోసం చేసింది. అల్యూమినియం, యూపీవీసీ స్లైడింగ్ కిటికీ అయితే తలుపు జరిపి మధ్యలో నిలబెడితే సరిపోతుంది. కొనేముందు కిటికీ ఎత్తు కొలిచి, కిట్టు అంతవరకు సాగుతుందో లేదో అడగండి. మన పాత ఇళ్లలో బయటికి తెరుచుకునే చెక్క రెక్కలు, వాటి లోపల ఇనుప ఊచలు ఉంటాయి. ఊచల మధ్య నుంచి గొట్టం దూరదు, దూర్చాల్సిన పనీ లేదు. ఫ్రేములో ఊచలకు ఇవతల సరిపోయేలా 4 మిల్లీమీటర్ల పాలీకార్బొనేట్ షీటో, 6 మిల్లీమీటర్ల ప్లైవుడ్డో కోయించి, అందులో గొట్టం మూతి సైజుకు రంధ్రం పెట్టించండి. గాలి ఊచల మధ్య నుంచి బయటికి పోతుంది. అంచుల చుట్టూ ఫోమ్ టేపు వేయాలి. రంధ్రం ఎదురుగా దోమల జాలీ ఉంటే అంతమేర తీసేయాలి. జాలీకి దుమ్ము పట్టి గాలి ఆగితే యంత్రం గంటకోసారి ఆగిపోతుంటుంది. కిటికీ బయట రెక్కను పూర్తిగా తెరిచి ఉంచండి. సగం వేసి పెడితే వేడిగాలి దానికి కొట్టుకుని వెనక్కి వస్తుంది.

కంపెనీ ఇచ్చిన గొట్టం సాధారణంగా మీటరున్నర ఉంటుంది. దానికి ఇంకో ముక్క అతికించొద్దు. పొడవు పెరిగినా, ఒకటికి మించి మలుపులు వచ్చినా లోపల ఒత్తిడి పెరిగి, ఓవర్‌లోడ్ రిలే (భారం ఎక్కువైతే ఆపే రక్షణ స్విచ్) కంప్రెసరును ఆపేస్తుంది. గొట్టాన్ని అటక మీదికో, బాత్‌రూములోకో, వంటింట్లోకో వదిలితే ఆ వేడే తిరిగి గదికి చేరుతుంది. నడిచేటప్పుడు గొట్టం బాగా వేడెక్కుతుంది కాబట్టి పైన రేకు పూత ఉన్న ఇన్సులేషన్ చుడితే కాస్త మేలు. అయితే ముందు సందుల పని చూడండి, ఇది రెండోది.

గదికి ఆనుకుని బాత్‌రూము ఉంటే రెండు సంగతులు. గాలి లాగే కొద్దీ నేలమీది డ్రెయిన్ ట్రాపులో నీరు ఆరిపోయి ఉంటే మురుగు వాసన గదిలోకి వస్తుంది. రోజూ ఒక మగ్గు నీళ్లు పోసి, తలుపు వేసి ఉంచండి. రెండోది ప్రాణం మీదికి వచ్చే విషయం: ఆ బాత్‌రూములో గ్యాస్ గీజర్ ఉంటే అది వెలుగుతున్నంతసేపూ ఈ ఏసీ నడపొద్దు. వెంటిలేటర్లోంచి బయటికి పోవాల్సిన కార్బన్ మోనాక్సైడ్‌ను ఏసీ పడకగదిలోకి లాగుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవాళ్లకు తెలియదు.

నీటి సంగతి. చాలా మోడళ్లలో పిండిన నీటిని ఒక చక్రం కండెన్సర్ మీద చిమ్ముతుంది, అది ఆవిరై గొట్టంలోంచి పోతుంది. తెలంగాణ వేసవిలో నెలరోజులైనా ట్యాంకు నిండకపోవచ్చు. కోస్తాలో ఒక్క రాత్రిలో నిండి, తెర మీద ఎర్రర్ కోడు చూపించి ఆగిపోతుంది. అర్ధరాత్రి లేచి తీసిన బిరడాలోంచి నేలంతా నీళ్లు కావడం ఇక్కడ మామూలు ఫిర్యాదు. వెనక రెండు రంధ్రాలు ఉంటే పైదానికి పైపు తగిలించి బకెట్‌లోకి వదలండి, బకెట్ అంచు ఆ రంధ్రం కంటే కిందే ఉండాలి. ఇలా పైనుంచి తీస్తే కండెన్సర్‌కు తడి తగ్గి చల్లదనం కొంచెం పడిపోతుంది, అందుకే పొడి ఊళ్లలో బిరడా పెట్టే ఉంచాలి. కింది రంధ్రం ఒక్కటే ఉంటే బకెట్ పట్టదు. యంత్రాన్ని అడుగు ఎత్తున్న, కదలని బల్ల మీద నిలపాలి.

కరెంటుకు 16 ఆంప్స్ సాకెట్, 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దానికి విడిగా ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) ఉండాలి. ఎక్స్‌టెన్షన్ బాక్సు పెడితే ప్లగ్గు దగ్గర ప్లాస్టిక్ కరగొచ్చు. కంప్రెసరు ఆగిన వెంటనే మళ్లీ ఆన్ చేయకుండా మూడు నిమిషాలు ఆగాలి. రోజుకు 8 గంటలు, 1.2 కిలోవాట్లు, 30 రోజులు కలిపితే 288 యూనిట్లు. మే నెలలో ఇది ఆగి విశ్రాంతి తీసుకోవడం తక్కువ కాబట్టి ఈ లెక్క పెద్దగా తగ్గదు. తెలంగాణలో గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు జీరో బిల్లు వచ్చే ఇల్లయితే ఆ నెలకు ఆ లాభం పోయినట్టే. కొనే ధరతో పాటు ఈ ఖర్చూ చూసుకోండి.

చప్పుడు గురించి మెత్తగా చెప్పడం కుదరదు. కంప్రెసరు మంచం పక్కనే ఉంటుంది. పసిపిల్లలు, నిద్రలోంచి తేలిగ్గా మెలకువ వచ్చేవాళ్లు ఉంటే షోరూములో ఫ్యాన్ కాకుండా కంప్రెసరు పడేలా 18 డిగ్రీలు పెట్టించి, పది నిమిషాలు పక్కన నిలబడి వినండి. 'పోర్టబుల్' అన్న మాటనూ జాగ్రత్తగా తీసుకోవాలి. 30 కిలోల బరువు, కింద చక్రాలు, కానీ మన గదులకు గడపలున్నాయి. ఇద్దరు పట్టి దాటించాల్సిందే. పడుకోబెట్టి తెచ్చిన యంత్రాన్ని నిలబెట్టి, కనీసం కొన్ని గంటలు, కుదిరితే ఒక రోజు ఆగి ఆన్ చేయండి. కంప్రెసరు ఆయిలు కిందికి దిగాలి.

ఇంటికొచ్చాక పరీక్ష: పదిహేను నిమిషాలు నడిచాక గది గాలి లాగే చోట, చల్లగాలి వదిలే చోట థర్మామీటర్ పెట్టండి. 8 నుంచి 12 డిగ్రీల తేడా ఉంటే మంచిదే, ఉక్క ఉన్న ఊళ్లో కాస్త తక్కువ రావచ్చు. 6 కూడా రాకపోతే ఫిల్టర్, గొట్టం నొక్కుకుపోవడం, ఆ తర్వాతే గ్యాస్ అనుమానించాలి. ఫిల్టర్లు తరచు రెండుంటాయి. పైది అందరూ కడుగుతారు, కింద కండెన్సర్ దగ్గరి దాన్ని మరిచిపోతారు. నేలమీది దుమ్ము, వెంట్రుకలు పట్టేది దానికే. వేసవిలో పదిహేను రోజులకోసారి రెండూ కడగాలి.

వానలు పడ్డాక లోపల పెట్టేముందు మూడు గంటలు ఫ్యాన్ మోడ్‌లో నడిపి లోపలి తడి ఆరనివ్వండి. కింది బిరడా తీసి మిగిలిన నీళ్లు వంచి, ఫిల్టర్లు కడిగి ఆరబెట్టి, నిలువుగానే ఉంచండి. గొట్టం మూతికి, వెనక రంధ్రానికి పాత బనియను గుడ్డ కట్టండి, బల్లులు, బొద్దింకలు కాపురం పెట్టకుండా.