జీతం దొరుకుతుంది, సిబ్బంది లెక్క దొరకదు: అమెరికా లోకల్ స్టేషన్లను పోల్చే రెండు సైట్ల రివ్యూ

అమెరికాలో లోకల్ రేడియో, టీవీ స్టేషన్లో ఉద్యోగానికి అప్లై చేసేవాళ్లకు రెండు విషయాలు తెలియాలి. అక్కడ ఎవరికి ఎంత ఇస్తున్నారు, ఎలాంటివాళ్లను పెట్టుకుంటున్నారు. దీనికి పైసా కట్టక్కర్లేని సైట్లు రెండున్నాయి: ఎఫ్‌సీసీ (రేడియో, టీవీలకు లైసెన్సులిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) వాళ్ల ఆన్‌లైన్ పబ్లిక్ ఫైల్, ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ వాళ్ల నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్. మొదటిదానికి మేమిచ్చే మార్కులు 5కి 2, రెండోదానికి 4.

ముందు ఎఫ్‌సీసీ సంగతి. కాల్‌సైన్ (స్టేషన్‌కు గుర్తుగా ఇచ్చిన అక్షరాలు) కొట్టి వెతికితే స్టేషన్ పేజీ వస్తుంది, అందులో 'ఈఈఓ రికార్డ్స్' అనే ఫోల్డర్ ఉంటుంది. ఈఈఓ అంటే సమాన ఉద్యోగావకాశాలు. పేరు చూసి ఆడవాళ్లెంతమంది, నల్లజాతివాళ్లెంతమంది, ఆసియావాళ్లెంతమంది అనే పట్టిక ఉంటుందనుకుని తెరుస్తాం. అలాంటి అంకె ఒక్కటీ ఉండదు. ఆ రిపోర్టు చెప్పేది ఎవరు పనిచేస్తున్నారని కాదు, ఖాళీలు ఎలా నింపారని. గత 12 నెలల్లో ఏయే ఫుల్‌టైం ఉద్యోగాలు భర్తీ చేశారు, ప్రకటన ఎక్కడెక్కడికి పంపారు, ఇంటర్వ్యూకు ఎంతమంది వచ్చారు, చేరిన మనిషి ఏ దారిన వచ్చాడు, అంతవరకే. ఎఫ్‌సీసీ లెక్కలో ఫుల్‌టైం అంటే వారానికి 30 గంటలు, ఆపైన. అలాంటివాళ్లు అయిదుగురికి తక్కువుంటే ఈ రిపోర్టే పెట్టక్కర్లేదు. కాబట్టి చిన్న స్టేషన్ ఫోల్డర్ ఖాళీగా ఉంటే ఏదో దాచారని అనుకోవద్దు.

సిబ్బంది జాతి, లింగం వివరాలకు విడిగా ఒక ఫారం ఉండేది, 395-బీ. 2001లో కోర్టు తీర్పు తర్వాత దాన్ని తీసుకోవడం ఆపేశారు. 2024 ఫిబ్రవరిలో ఎఫ్‌సీసీ మళ్లీ పెట్టమంది, పైగా స్టేషన్‌వారీగా బయటపెడతామంది. స్టేషన్ల సంఘాలు కోర్టుకెళ్లాయి. 2025 మేలో ఫిఫ్త్ సర్క్యూట్ అనే ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ ఉత్తర్వును కొట్టేసింది. రెండు మార్కులే వేయడానికి అసలు కారణం ఇది. సైటు కట్టిన తీరులో తప్పేం లేదు, అందులో ఉండాల్సిన కాగితమే లేదు. చిత్రమేమిటంటే, అదే సైటులో ఓనర్‌షిప్ రిపోర్టు తెరిస్తే యజమానుల జాతి, లింగం కనిపిస్తాయి. నాన్‌ప్రాఫిట్ అయితే బోర్డు సభ్యులవి. బల్లకు అటువైపు కూర్చున్నవాళ్ల సంగతి తెలుస్తుంది, మైకు ముందు కూర్చున్నవాళ్లది తెలియదు.

అలాగని ఈఈఓ రిపోర్టును పక్కన పడేయకండి. అందులో చూడాల్సిన కాలమ్ ఒకటుంది, చేరినవాళ్లను ఎవరు పంపారనేది. ప్రకటన 40 చోట్లకు పంపినట్టు జాబితా ఉండి, చేరినవాళ్లందరి పక్కనా 'ఉద్యోగి సిఫారసు' అనో 'సంస్థలో అంతర్గతం' అనో ఉంటే, ఆ 40 చోట్లూ ఫైలు కోసమే. మూడేళ్ల రిపోర్టులు పక్కపక్కన పెడితే ఇది ఇట్టే తెలిసిపోతుంది. కొత్త రిపోర్టు పడే తేదీ రాష్ట్రాన్ని బట్టి మారుతుంది: టెక్సాస్‌లో ఏప్రిల్ 1, కాలిఫోర్నియాలో ఆగస్టు 1, న్యూయార్క్, న్యూజెర్సీల్లో ఫిబ్రవరి 1. ఒకే ఊళ్లో ఒకే యజమానికి నాలుగు స్టేషన్లుండి సిబ్బందిని పంచుకుంటే నాలుగింటికీ కలిపి ఒకటే రిపోర్టు. దాన్ని నాలుగుసార్లు లెక్కేయకండి.

ఇక జీతాలు. నాన్‌ప్రాఫిట్ స్టేషన్లు ఐఆర్‌ఎస్‌కు (అమెరికా పన్నుల శాఖకు) ఏటా పెట్టే 990 ఫారం నాన్‌ప్రాఫిట్ ఎక్స్‌ప్లోరర్‌లో దొరుకుతుంది. అయితే స్టేషన్ పేరుతో వెతికితే ఒక్కోసారి రాదు, సంస్థ చట్టబద్ధమైన పేరు కొట్టాలి. డల్లాస్‌లోని కేఈఆర్‌ఏ స్టేషన్ కావాలంటే నార్త్ టెక్సాస్ పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ అని వెతకాలి. పార్ట్ 7లో డైరెక్టర్లు, ఆఫీసర్లు, లక్ష డాలర్లు దాటినవాళ్లలో అత్యధిక జీతమున్న అయిదుగురు పేర్లతో సహా ఉంటారు. లక్షన్నర దాటినవాళ్ల జీతం, బోనస్, ఇతర చెల్లింపులు షెడ్యూల్ జేలో విడివిడిగా ఉంటాయి. సీఈఓ జీతం ఒక్క ఏడాదిలో రెట్టింపైనట్టు కనిపిస్తే కంగారు పడకుండా షెడ్యూల్ జేలో 4ఏ లైను చూడండి. అక్కడ 'అవును' అని ఉంటే అది పెరిగిన జీతం కాదు, వెళ్లిపోతున్న మనిషికి ఇచ్చిన సెవరెన్స్ (ఉద్యోగం వదిలేటప్పుడిచ్చే పరిహారం) అయ్యుండొచ్చు. పేరున్న హోస్టు జాబితాలో లేకపోతే పార్ట్ 7లోనే సెక్షన్ బీ చూడండి, కాంట్రాక్టు మీద ఉన్నారేమో. అందులోనూ లక్ష డాలర్లు దాటిన అయిదుగురే వస్తారు.

అందరూ బోల్తాపడే చోటు సగటు జీతం. 990 మొదటి పేజీలో 15వ లైను జీతభత్యాల మొత్తం, 5వ లైను ఉద్యోగుల సంఖ్య. కోటీ 20 లక్షల డాలర్లు, 160 మంది అనుకుందాం. భాగిస్తే 75,000. కానీ ఆ 160లో ఆ ఏడాది డబ్ల్యూ-2 (యజమాని ఉద్యోగికిచ్చే జీతం, పన్నుల పత్రం) అందుకున్న ప్రతి ఒక్కరూ ఉంటారు, వేసవిలో రెండు నెలలు చేసిన ఇంటర్న్‌తో సహా. జీతభత్యాల మొత్తంలో ఇన్సూరెన్సు, పెన్షను, పేరోల్ పన్ను కలిసి ఉంటాయి. మొత్తమూ నికరం కాదు, తలల లెక్కా నికరం కాదు. దానికి బదులు పార్ట్ 9లో 7వ లైను (మిగతా ఉద్యోగుల జీతాలు) తీసుకుని, అదే స్టేషన్‌లో ఏడాదికేడాది ఎలా మారిందో చూడండి. రెండు స్టేషన్ల మధ్య పోల్చడానికి అది కూడా పనికిరాదు.

ఎందుకంటే కేఈఆర్‌ఏనే చూడండి. టీవీ, న్యూస్ రేడియో, మ్యూజిక్ రేడియో దాని సొంతం. డల్లాస్ నగరపాలక సంస్థ క్లాసికల్ స్టేషన్ డబ్ల్యూఆర్‌ఆర్‌ను 2023 నుంచి నడుపుతున్నదీ అదే. ఆస్టిన్‌లో కేయూటీ రేడియో మాత్రమే, పైగా లైసెన్సు యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్‌ది. అక్కడివాళ్లు ప్రభుత్వ యూనివర్సిటీ ఉద్యోగులు కాబట్టి స్టేషన్ పేరుతో 990 వెతకడం దండగ. వాళ్ల జీతాలు టెక్సాస్ ట్రిబ్యూన్ అనే వార్తాసంస్థ వాళ్ల ప్రభుత్వ జీతాల సైటులో చూసుకోవాలి. పట్టింపున్న విషయం ఒకటే, సర్కారీ స్టేషన్‌లో కింది రిపోర్టరు జీతం కూడా కనిపిస్తుంది, నాన్‌ప్రాఫిట్‌లో పైవాళ్లదే కనిపిస్తుంది. బోస్టన్ డబ్ల్యూబీయూఆర్ లాంటివి ప్రైవేటు యూనివర్సిటీ కింద ఉంటాయి, అక్కడ రెండు దారులూ మూసుకున్నట్టే.

990లో కనిపించే జీతం క్యాలెండర్ ఏడాదిది, మిగతా లెక్కలు ఆర్థిక సంవత్సరానివి. 2023 జూన్‌తో ముగిసిన ఫైలింగులో ఉన్నవి 2022 జీతాలు. ఆ మాట తెలియకుండా జీతం బేరమాడితే మీకే నష్టం. తాజా అంకె కావాలంటే ఉద్యోగ ప్రకటనే మేలు. కొలరాడోలో 2021 నుంచి, కాలిఫోర్నియా, వాషింగ్టన్ రాష్ట్రాల్లో 2023 నుంచి ప్రకటనలో జీతం రేంజ్ వేయాలని చట్టముంది. న్యూయార్క్‌లో 2023 సెప్టెంబరు నుంచి, న్యూజెర్సీలో 2025 జూన్ నుంచి. టెక్సాస్‌లో అలాంటి చట్టం లేదు. యూనియన్ ఉన్న స్టేషన్ అయితే కాంట్రాక్టులోని కనీస వేతనాల పట్టిక సంపాదించండి, మిగతావన్నీ దాని తర్వాతే.

కమర్షియల్ స్టేషన్లకు ఈ రెండో సైటు పనిచేయదు. నెక్స్‌స్టార్, గ్రే లాంటి లిస్టెడ్ కంపెనీలు వాటాదారులకిచ్చే ప్రాక్సీలో (ఏటా ఇచ్చే సమావేశపు నివేదికలో) మధ్యస్థ ఉద్యోగి జీతం చెప్తాయి, అదీ కంపెనీ మొత్తానికి.

సిబ్బంది వైవిధ్యానికి మిగిలిన ప్రధాన ఆధారం పబ్లిక్ స్టేషన్లు సొంత సైట్లలో పెట్టిన డైవర్సిటీ స్టేట్‌మెంట్లు. కొన్నింటిలో శాతాలు కూడా ఉంటాయి. పబ్లిక్ స్టేషన్లకు ఫెడరల్ నిధులు పంచిన సంస్థ సీపీబీ. దాని గ్రాంటు కావాలంటే ఇవి పెట్టాలని షరతు ఉండేది. 2025 జులైలో కాంగ్రెస్ ఆ నిధులను వెనక్కి తీసుకుంది, ఆగస్టులో సీపీబీ దుకాణం సర్దుకుంటున్నామని ప్రకటించింది. ఇక అడిగేవాళ్లు లేరు. మీకు కావాల్సిన స్టేషన్ పేజీ ఇంకా ఉంటే ఇప్పుడే పీడీఎఫ్‌గా దాచుకోండి, తీసేసి ఉంటే పాత వెబ్ పేజీలు దాచే వేబ్యాక్ మెషీన్‌లో పాత చిరునామా పెట్టి వెతకండి.