న్యూట్రల్ వైరు లాగించాలా, న్యూట్రల్ అక్కర్లేని స్మార్ట్ స్విచ్ కొనాలా?

ఫోన్‌తో నడిపే స్మార్ట్ స్విచ్‌కు లైటు ఆపినా కొంచెం కరెంటు కావాలి, అందుకే మామూలుగా దానికి న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) అవసరం. ప్లగ్ పాయింట్ ఉన్న బోర్డులో న్యూట్రల్ ఎలాగూ ఉంటుంది. ఈ టెన్షన్ అంతా మెట్ల దగ్గర, మంచం పక్కన ఉండే విడి స్విచ్‌లకే.

ఖర్చు: న్యూట్రల్‌కు వైరు, కూలి. పాత పైపులో చోటు లేకపోతే గోడ కొట్టడం, మళ్లీ పెయింటు. రెండోదానికి దాదాపు స్విచ్ ధరే.

శ్రమ: ఒకటి ఇల్లంతా దుమ్ము, ఇంకొకటి స్విచ్ మార్చినంత పని.

ఇబ్బంది: న్యూట్రల్ లేని స్విచ్ తనకు కావలసిన కరెంటును బల్బు గుండానే తీసుకుంటుంది. అందుకే 3, 5 వాట్ల ఎల్ఈడీ ఆపినా మినుకుమనవచ్చు. అది ఆగాలంటే లైటు దగ్గర బైపాస్ కెపాసిటర్ (ఆ కొద్ది కరెంటును బల్బు పక్కనుంచి పంపే చిన్న భాగం) పెట్టాల్సి రావచ్చు. న్యూట్రల్ బదులు ఎర్త్ వైరు కలిపేస్తానంటే మాత్రం ఒప్పుకోకండి, షాక్ కొట్టే ప్రమాదం ఉంది.

ఇల్లు కడుతున్నా, రీవైరింగ్ చేయిస్తున్నా న్యూట్రలే లాగించండి, స్మార్ట్ స్విచ్ పట్టేలా గోడలో లోతైన స్విచ్ బాక్సులు పెట్టించండి. అద్దె ఇల్లయితే రెండోదే.